సొంత త్రీడీ మోడల్ మీద గీస్తే అది మోసమా?

కంప్యూటర్లో త్రీడీ మోడళ్ళు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఇల్లు కట్టారు. కావలసిన కోణంలోకి తిప్పుకున్నారు. దాని మీద ఒక లేయర్ (కింది బొమ్మ కనిపించే పొర) వేసుకుని గీశారు. ఇప్పుడు ఆ బొమ్మ మీదేనా? బొమ్మలు వేసేవాళ్ళు నలుగురు చేరినచోట ఈ మాట వచ్చిందంటే ఒక పట్టాన తెగదు. "ట్రేసింగ్ ట్రేసింగే, దేని మీద గీస్తే ఏంటి?" అంటారొకరు. "మోడల్ కూడా నేనే చేశాను కదా, నా సొమ్ము నేను దొంగిలించడమేంటి?" అంటారు ఇంకొకరు. విన్నంతసేపూ రెండూ సబబుగానే ఉంటాయి.

అసలు చిక్కంతా రెండు వేరువేరు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టడం వల్ల వస్తోంది. ఆ మోడల్లో ఉన్నదంతా నిజంగా మీదేనా అన్నది మొదటి ప్రశ్న. ఆ బొమ్మ చూపించి ఎదుటివాళ్ళని ఏం నమ్మమంటున్నారు అన్నది రెండోది. ఈ రెండూ తేలితే, ట్రేస్ చేశారా లేదా అన్నదానికి పెద్ద విలువ ఉండదని నా అభిప్రాయం.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఒక కథకి మండువా లోగిలి బొమ్మ కావాలి. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం కనిపించే మండువా, లోపలికి వాలిన పెంకుల కప్పు, చుట్టూ స్తంభాలు. ఒక మూల నిలబడి చూసే మనిషికి నాలుగు కప్పుల వాలూ నాలుగు తీరుల్లో కనిపిస్తుంది. రెండు కప్పులు కలిసే మూలలో పెంకుల వరస ఎటు తిరుగుతుందో ఊహించి గీయాలంటే చెయ్యి తిరిగినవాళ్ళకి కూడా టెన్షనే. బ్లెండర్‌లో అయితే స్తంభానికో డబ్బా, గోడకో పలక, కప్పుకి నాలుగు ఏటవాలు పలకలు. ఒక పూటలో ముతకగా ఇల్లు లేచి నిలబడుతుంది.

తర్వాత కెమెరా. కథలో చూస్తున్నది చిన్నపిల్ల కాబట్టి దాన్ని మూడడుగుల ఎత్తులో పెడతాం. లెన్స్ 35 ఎంఎం. ఇల్లంతా పట్టాలన్న ఆశతో 18కి తగ్గిస్తే అంచుల్లో ఉన్న స్తంభాలు సాగదీసినట్టు లావెక్కిపోతాయి. ఎండ కోసం ఒక సూర్యుణ్ణి పెట్టి, ఉదయం పదకొండు గంటల వాటంలో వాలుస్తాం. వచ్చిన బూడిదరంగు చిత్రాన్ని బొమ్మలు గీసే క్రిటా సాఫ్ట్‌వేర్‌లో అడుగు లేయర్‌గా వేసి, కనీకనపడకుండా పలచన చేసి, పైన గీత మొదలుపెడతాం.

ఆ బూడిదరంగు గీతల మీద పొల్లు పోకుండా గీశారనుకోండి, అలవాటున్న కంటికి వెంటనే దొరికిపోతారు. స్తంభాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పెంకుల వరస స్కేలు పెట్టి కొట్టినట్టుంటుంది. దగ్గరి గీతకీ దూరపు గీతకీ ఒకటే మందం. దీపపు గూడు పైన మసి ఉండదు, గడపకి పసుపు ఉండదు, వానకి పాచి పట్టిన మండువా అంచు ఉండదు. ఏ గీత వదిలేయాలో, ఏది తేల్చాలో, చూసేవాళ్ళ కన్ను ముందు ఎక్కడ వాలాలో మోడల్ చెప్పదు. గీత చూడగానే ఇది బాపుది అని తెలుగువాళ్ళు పోల్చుకోగలిగేది ఈ ఎంపికల వల్లే. వీటిలో ఏదీ త్రీడీ మోడల్ చేసిపెట్టే పని కాదు. మోడల్ తేల్చేది ఏ వస్తువు ఎక్కడుంది, వెలుగు ఎటునుంచి పడుతోంది అన్నంత వరకే.

పాతకాలపు మోడళ్ళు

సొంతంగా నమూనా చేసుకుని దాన్ని చూస్తూ గీయడం కంప్యూటర్‌తో పుట్టిన అలవాటేమీ కాదు. 16వ శతాబ్దపు వెనీస్ చిత్రకారుడు టింటోరెట్టో మైనంతోనూ మట్టితోనూ చిన్న మనుషుల్ని చేసి, వాటికి గుడ్డలు కట్టి, పలకలతో అట్టలతో చేసిన బుల్లి గదుల్లో నిలబెట్టేవాడట. ఆ గదుల కిటికీల్లోంచి దీపం వెలుగు పంపి నీడలు ఎలా పడుతున్నాయో చూసేవాడట. కొన్ని బొమ్మల్ని దారాలతో పైకప్పుకి వేలాడదీసి, ఎగిరే దేవదూత కిందినుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో తెలుసుకునేవాడని 17వ శతాబ్దంలో ఆయన జీవితం రాసిన రిడోల్ఫీ చెబుతాడు. కెమెరా, లైటు, కోణం: ఇవాళ బ్లెండర్‌లో మనం తిప్పుకునేవన్నీ ఆ అట్టపెట్టెలోనే ఉన్నాయి.

ఫ్రెంచి చిత్రకారుడు పూసిన్ కూడా మైనపు మనుషుల్ని పెట్టెలో అమర్చి, వెలుగు కోసం పక్కల్లో కంతలు పెట్టుకునేవాడు. ఇంగ్లండులో గెయిన్స్‌బరో బల్ల మీద రాళ్ళు, ఎండు మొక్కలు, అద్దం ముక్కలు పేర్చి, వాటినే కొండలుగా చెట్లుగా నీళ్ళుగా పెంచి ప్రకృతి దృశ్యాలు వేసేవాడని, ఆయన పోయిన 1788లోనే సాటి చిత్రకారుడు రెనాల్డ్స్ తన ఉపన్యాసంలో చెప్పాడు. వీళ్ళని ఎవరూ మోసగాళ్ళనలేదు. నమూనా నుంచి కాన్వాసుకి వెళ్ళే దారిలో కన్నూ చెయ్యీ పనిచేశాయి కదా అన్నారు.

మరి ఇవాళ అభ్యంతరం ఎందుకు? టింటోరెట్టో మైనపు బొమ్మని పక్కన పెట్టుకుని చూస్తూ గీశాడు, మనం మీద గీస్తున్నాం. తేడా ఉంది, కాదనను. అయితే మీద గీయడమూ కొత్తది కాదు. అమెరికా పత్రికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ తాను ఏర్పాటుచేసి తీయించుకున్న ఫొటోల్ని ప్రొజెక్టర్‌తో కాన్వాసు మీద వేసుకుని గీసేవాడు. అది బద్ధకం నేర్పే యంత్రమని తిట్టుకుంటూనే, పనికొస్తుందని ఒప్పుకుంటూనే, వాడుతున్నందుకు సిగ్గుపడుతున్నానని కూడా రాసుకున్నాడు. అంత పేరున్నవాడికే ఆ సంకోచం తప్పలేదు.

మన దగ్గర ఈ సిగ్గు అంతగా లేదు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా హోర్డింగులు వేసిన పెయింటర్లు స్టిల్ ఫొటో మీద గళ్ళు కొట్టి, అదే లెక్కలో గుడ్డ మీద పెద్ద గళ్ళు వేసి, గడికి గడి దించేవారు. హీరో ముఖం అరవై అడుగుల ఎత్తున కూడా హీరో ముఖంలాగే ఉండాలి మరి. నిచ్చెన మీద నిలబడి, ముక్కు దగ్గరుంటే చెవి కనపడని దూరంలో రంగు వేసే మనిషికి ఆ గళ్ళు లేకపోతే పని సాగదు. వాళ్ళని ఎవరూ దొంగలనలేదు, వాళ్ళూ దాచలేదు. రోడ్డున పోయేవాళ్ళకి వాళ్ళు ఇచ్చిన మాట ఒక్కటే: ఇది ఫలానా హీరో.

నాదనుకున్నది నాదేనా

సొంత మోడల్‌ని వెనకేసుకొచ్చేవాళ్ళు ఎక్కువగా పట్టించుకోనిది ఇక్కడే. "నేనే చేశాను" అన్న మాటలో చాలా దాగుతుంది.

2008లో అమెరికాలో ఒక తీర్పు వచ్చింది. మెష్‌వర్క్స్ అనే చిన్న సంస్థ టొయోటా కార్లని ప్రకటనల కోసం డిజిటల్ మోడళ్ళుగా చేసిచ్చింది. కారు మీద కొలతలు తీసుకుని, ఆ పైన ఒక్కో కారుకీ 80 నుంచి 100 గంటలు కూర్చుని చేత్తో మలిచారు. అనుకున్నదానికన్నా ఎక్కువ ప్రకటనల్లో వాటిని వాడారని కోర్టుకెక్కితే, కోర్టు ఆ మోడళ్ళకి కాపీరైటే లేదంది. శ్రమ పడ్డారు, నైపుణ్యం చూపారు, నిజమే. కానీ ఉన్న కారుని ఉన్నట్టే దించారు, సొంతంగా కలిపిందేమీ లేదని తేల్చింది. ఆ తీర్పు రాసిన నీల్ గోర్సచ్ ఇప్పుడు అక్కడి సుప్రీంకోర్టు జడ్జి. మోడల్ మీరు చేసినంత మాత్రాన దానిలోని రూపకల్పన మీదైపోదని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

మన చట్టం కూడా ఈ దారిలో మౌనంగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 14వ సెక్షన్ కళాకృతి హక్కుల గురించి చెబుతూ, సమతలంలో ఉన్నదాన్ని త్రీడీలో చూపించడం, త్రీడీలో ఉన్నదాన్ని సమతలంలో చూపించడం రెండూ కర్త హక్కులేనంటుంది. అంటే ఎవరో గీసిన కామిక్ పాత్రని మీరు బ్లెండర్‌లో నిలబెట్టి, దాన్ని మళ్ళీ కాగితం మీద గీసి అమ్మితే, మధ్యలో మీ చెమట ఎంత పోసినా పాత్ర మీది కాదు. ఎవరో చేసిపెట్టిన మోడల్ దింపుకుని దాని మీద గీయడమూ ఇదే లెక్క. ఆ మోడల్ ఏ లైసెన్సు కింద ఉందో చూసుకోవాలి. పేరు చెబితే చాలనేవి ఉంటాయి, అమ్మకానికి వాడకూడదనేవి ఉంటాయి, ఏ షరతూ లేనివీ ఉంటాయి. మనుషుల మోడళ్ళు చేసే మేక్‌హ్యూమన్ సాఫ్ట్‌వేర్‌లో చేసి బయటికి తెచ్చుకున్న మనిషి మోడల్ ఆఖరి రకం. బ్లెండర్ మట్టుకు, అందులో మీరు చేసింది మీదేనని దాన్ని నడిపేవాళ్ళే చెబుతారు. స్కెచప్ అనే మరో త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచిత రూపం అలా కాదు, సొంత వాడకానికే తప్ప వ్యాపారానికి కాదు. డబ్బు తీసుకునే బొమ్మకి దాన్ని వాడితే మోడల్ మీదే అయినా చేసిన దారి తప్పు.

భవనాలకి కొంత వెసులుబాటుంది. కట్టడాల్ని గీయడం, పెయింటింగ్ వేయడం, ఫొటో తీయడం ఉల్లంఘన కిందికి రాదని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కాబట్టి సైబర్ టవర్స్‌ని మోడల్ చేసుకుని, దాని మీద వీధి దృశ్యం గీసి పత్రికకి ఇస్తే భయపడాల్సిందేమీ లేదు. అయితే ఆ మినహాయింపు రాసినచోట పెయింటింగ్, డ్రాయింగ్, ఎన్‌గ్రేవింగ్, ఫొటో అనే ఉంది. మోడల్ ఫైలునే అమ్మకానికి పెట్టాలనుకుంటే దాని నీడన నిలబడగలమని ధీమాగా ఉండలేం.

ముఖాల సంగతి ఇంకా సున్నితం. స్నేహితుణ్ణి ఫోన్‌తో స్కాన్ చేసి మోడల్ చేసుకుంటే, మీరు ఆ మోడల్ని ఏ భంగిమలోనైనా, ఏ బట్టల్లోనైనా, అసలు బట్టలే లేకుండానైనా నిలబెట్టగలరు. ఫొటోకి ఒప్పుకున్న మనిషి దానికి ఒప్పుకున్నట్టు కాదు. ఎందుకు వాడతారో ముందే చెప్పి అడగాలి, పని అయ్యాక ఫైలు ఉంచుకోవచ్చా అనీ అడగాలి. సినిమావాళ్ళ ముఖాలైతే, అనుమతి లేకుండా తన పేరు, రూపం, గొంతు వ్యాపారానికి వాడకుండా అనిల్ కపూర్ 2023లోనే ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నాడు.

ఇక హైదరాబాద్ యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ స్టూడియోల్లో పనిచేసే కుర్రాళ్ళు తరచూ మరిచిపోయేది ఒకటుంది. ఉద్యోగంలో భాగంగా చేసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానేనని 17వ సెక్షన్ అంటుంది. ఆఫీసు ప్రాజెక్టుకి రాత్రులు మేలుకుని చేసిన కోట మోడల్ని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకుని, ఆదివారం దాని మీద పుస్తకం కవర్ గీస్తే, అది మీ చేతి పనే గానీ మీ సొత్తు కాదు. "నేనే చేశాను" అన్న మాట అక్షరాలా నిజమైనా వాదన నిలబడదు.

ఎవరికి ఏం చెబుతున్నాం

మోడల్ అంతా మీదే అనుకుందాం. గోడలు, స్తంభాలు, పెంకులు, మనుషులు అన్నీ. అప్పుడు ట్రేస్ చేయడంలో దొంగతనం ఇసుమంత కూడా లేదు. 2005లో జపాన్‌లో కొడాన్షా అనే పెద్ద ప్రచురణ సంస్థ ఒక మాంగా (జపాన్ కామిక్స్) చిత్రకారిణి పుస్తకాలన్నిటినీ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. కారణం వేరేవాళ్ళ మాంగాల్లోంచి బొమ్మలు ట్రేస్ చేయడం. అదే జపాన్‌లో త్రీడీ గదులు, త్రీడీ వీధులు పెట్టుకుని నేపథ్యాలు గీయడం రోజువారీ పని. మాంగా గీసేవాళ్ళు వాడే క్లిప్ స్టూడియోలో తిప్పుకోవడానికి త్రీడీ మనుషులు సాఫ్ట్‌వేర్‌తోపాటే వస్తారు. కొరియా వెబ్‌టూన్లలో (ఆన్‌లైన్ కామిక్స్‌లో) వారం వారం ఎపిసోడ్ రావాలంటే ఇది లేకుండా కుదరదు. పాఠకుడికి కథ కావాలి, ఆ కిటికీ కోణం తలలోంచి వచ్చిందా మోడల్లోంచి వచ్చిందా అన్నది వాడికి అక్కర్లేదు. పత్రికలో కథకి బొమ్మ వేసి, అడుగున "ఇందులో త్రీడీ మోడల్ వాడబడింది" అని రాయాలనే వాదన నాకు అతిగా అనిపిస్తుంది. రంగస్థలం మీద మేకప్ వేసుకున్నవాడు బోర్డు పట్టుకు నిలబడడు కదా.

మరి చెప్పాల్సింది ఎప్పుడు? చేతి నేర్పునే చూసి వెల కడుతున్నప్పుడు. మన లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షల్లో ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి గీయమంటారు. అక్కడ కొలిచేది కంటి అంచనాని. ఫైన్ ఆర్ట్స్ సీటు కోసం ఇచ్చే పోర్ట్‌ఫోలియోలో "ఊహించి గీసినవి" అన్న శీర్షిక కింద మోడల్ మీద గీసినవి పెడితే అది అబద్ధమే, మోడల్ ఎంత సొంతదైనా సరే. పోటీ నియమాల్లో ఈ ఊసు లేకపోతే నిర్వాహకులకి ఒక మెయిల్ పెట్టి అడగడానికి నామోషీ అక్కర్లేదు. అడగడానికి జంకుతున్నామంటే జవాబు మనకి ముందే తెలుసన్నమాట.

నాకు అన్నిటికన్నా చికాకు కలిగించేది "స్పీడ్ డ్రాయింగ్" వీడియోలు. తెల్ల కాగితం మీద ఒక గీత పడుతుంది, రెండోది పడుతుంది, తడబాటు లేదు, చెరిపింది లేదు, రెండు నిమిషాల్లో మెట్లబావి లోతంతా కచ్చితమైన పర్‌స్పెక్టివ్‌తో దిగిపోతుంది. కింద "నో రిఫరెన్స్", అంటే దేన్నీ చూడకుండా గీశానని, రాసి ఉంటుంది. రికార్డింగులో అడుగు లేయర్‌ని దాచేయడం చిటికెలో పని. ఇందులో కాపీరైట్ ఏమీ పోలేదు, ఎవరి సొమ్మూ పోలేదు. కానీ ఏ ఊళ్ళోనో పదో తరగతి పిల్లాడు అది చూసి, అలాగే గీయబోయి, మూడో మెట్టు దగ్గరే లెక్క తప్పి, నాకు రాదులే అని పుస్తకం మూసేస్తాడు. ఆ పిల్లాడికి తన చెయ్యి మీద నమ్మకం పోయింది. దాచినదాని నష్టం తోటి చిత్రకారులకన్నా ఇలా నేర్చుకునేవాళ్ళ మీదే ఎక్కువ పడుతుంది. అందుకే నేర్పేవాళ్ళకి నేను వేరే కొలబద్ద పెడతాను. కథకి బొమ్మ వేసేవాడు చెప్పకపోయినా ఫర్వాలేదు. ఆన్‌లైన్ క్లాసుకి ఫీజు తీసుకునేవాడు చెప్పి తీరాలి.

కమిషన్ల దగ్గర, అంటే ఎవరో డబ్బిచ్చి గీయించుకునే బొమ్మల దగ్గర, చిక్కులు చిన్నవే గానీ ఎక్కువ. డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగుకీ పోర్ట్రెయిట్‌కీ, వేరే ఒప్పందం లేకపోతే, గీయించుకున్నవాళ్ళే కాపీరైట్ హక్కుదారులని మన చట్టం. అడుగున ఉన్న మోడల్ ఫైలు వాళ్ళదా మీదా అన్నది ముందే ఒక వాక్యంలో రాసుకుంటే తర్వాత మాటామాటా రాదు. ఒకరి ఇంటి పెరడు అని చేసిన మోడల్లోనే చెట్టు జరిపి, రంగు మార్చి, ఇంకొకరికి కొత్త బొమ్మ అని ఇవ్వడం కూడా జరుగుతూనే ఉంటుంది. మోడల్‌ని మళ్ళీ వాడుకోవడం తప్పు కాదు, దాని కోసమే కదా కట్టుకున్నది. అదే కోణం, అదే వెలుగు, అదే కూర్పు ఇద్దరికి అమ్మడమే తప్పు.

గీత కూడా మీది కానప్పుడు

ఇంతసేపూ పైన గీసేది మనిషి చెయ్యే అనుకుని మాట్లాడాను. క్లిప్ స్టూడియోలో ఎల్‌టీ కన్వర్షన్ అని ఒకటుంది. త్రీడీ దృశ్యాన్ని నొక్కిన మీటకి గీతలుగా, నీడల టోన్లుగా మార్చి ఇస్తుంది. బ్లెండర్‌లో కూడా మోడల్ అంచుల్ని దానంతటదే గీతలుగా మార్చే లైన్ ఆర్ట్ మోడిఫయర్ 2021లో వచ్చింది. వీటితో వచ్చిన బొమ్మలో తప్పేమీ లేదు, మోడల్ కట్టినవారి పనే అది. దాన్ని చేత్తో గీసింది అనకుండా ఉంటే చాలు. "చేతిగీత" అని ధర పెంచి అమ్మితే మాత్రం, ఫ్లెక్సీ ప్రింటుకి హోర్డింగు పెయింటింగ్ ధర అడిగినట్టుంటుంది.

దీనికి తర్వాతి మెట్టు ఏఐ. సొంత మోడల్ నుంచి లోతు చూపే నలుపు-తెలుపు చిత్రం ఒకటి తీసి, దాన్ని ఏఐకి ఇచ్చి, మిగతా రంగులూ వెలుగులూ బట్టల మడతలూ దాన్ని పూరించమంటున్నారు. అప్పుడు అస్థిపంజరం మీది, పైన కండా చర్మం ఎవరెవరి బొమ్మల నుంచి నేర్చుకున్నదో మీకూ తెలియదు. సొంత మోడల్ అన్న మాట వెనక దీన్ని దాచడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మండువా లోగిలి మోడల్ మీద నేను గీసిన గీత బాగున్నా బాగాలేకున్నా నాదని చెప్పగలను. ఇందులో ఆ మాట అనలేను.

మోడళ్ళకి అలవాటుపడితే చెయ్యి మొద్దుబారుతుందనే మాట కూడా వినిపిస్తుంది. నిజమే, కొంత బారుతుంది. కానీ అది సాధనకి సంబంధించిన బెంగ, నీతికి సంబంధించినది కాదు. తన చెయ్యి పాడుచేసుకునే హక్కు ప్రతి చిత్రకారుడికీ ఉంది.

ఏఐ వచ్చాక ఇంకో తిరకాసు మొదలైంది. నిజంగా చేత్తో గీసినవాళ్ళని కూడా "ఇది ఏఐ కదూ" అని నిలదీస్తున్నారు. అప్పుడు పనికొచ్చేవి పూర్తయిన బొమ్మ కాదు, దాని కింద ఉన్న సరంజామా: ముతక మోడల్ ఫైలు, కెమెరా తిప్పి చూసుకున్న నాలుగైదు కోణాలు, బూడిదరంగు రెండర్ (మోడల్ నుంచి తీసిన చిత్రం), తప్పి చెరిపిన గీతలున్న లేయర్. నిన్నటిదాకా ఎవరికంటా పడకుండా చెరిపేసిన ఈ ఫైళ్ళనే ఇప్పుడు తేదీలతో సహా భద్రంగా ఉంచుకోవాల్సి వస్తోంది. క్లయింటుకి ఆఖరి బొమ్మ పంపేటప్పుడు చిన్న సైజులో ఆ అడుగు రెండర్ కూడా జతచేస్తే, మోడల్ వాడిన సంగతి చెప్పినట్టూ ఉంటుంది, గీసింది మీరేనని చూపినట్టూ ఉంటుంది.